ప్రకాశం, నెల్లూరు కొండవార మెట్ట గ్రామాల్లో వేసవి వాతావరణ అంచనాను చదివి వాడుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఫిబ్రవరి ఆఖరులో భారత వాతావరణ శాఖ మార్చి, ఏప్రిల్, మే నెలలకు కలిపి ముందస్తు అంచనా విడుదల చేస్తుంది. మరుసటి రోజు పత్రికల్లో 'ఈసారి ఎండలు మండుతాయి' అన్న శీర్షిక వస్తుంది. ఆ శీర్షికతో గిద్దలూరు రైతు ఏం చేసుకోవాలి, ఉదయగిరి దగ్గర జీవాలు మేపుకునేవారు ఏం చేసుకోవాలి అన్నదే పాఠకులు పదేపదే అడుగుతున్న ప్రశ్న. అంచనాను ఏ వరుసలో చదవాలో, దాన్ని ఏ నిర్ణయానికి వాడాలో, ఏ నిర్ణయానికి వాడకూడదో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. మూడు నెలల అంచనా మీ ఊళ్లో ఫలానా తేదీన ఏం జరుగుతుందో చెప్పదు. మీ ఊరి మామూలు పరిస్థితితో పోలిస్తే ఈ ఏడాది మొగ్గు ఎటువైపు ఉందో మాత్రమే చెబుతుంది. కాబట్టి మీ ఊరి మామూలు లెక్క మీ చేతిలో లేకపోతే అంచనా ఎంత బాగా ఉన్నా ఉపయోగపడదు.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఫిబ్రవరి మూడో వారంలోగా ఇవి దగ్గర పెట్టుకోండి.

☐ వేసవికి మాత్రమే కేటాయించిన ఒక నోటు పుస్తకం
☐ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు రెండూ చూపే థర్మామీటరు
☐ కొలత గీతలున్న చిన్న వర్షమాపకం
☐ ఫోనులో వాతావరణ శాఖ వారి 'మౌసమ్', వ్యవసాయ సలహాలకు 'మేఘదూత్', పిడుగుల హెచ్చరికకు 'దామిని' యాప్‌లు
☐ మీ బోరులో ఇప్పుడున్న నీటిమట్టం, మోటారు ఆగకుండా ఎంతసేపు నీరు పోస్తోందన్న లెక్క

థర్మామీటరును ఎక్కడ తగిలిస్తారన్నది చాలా ముఖ్యం. రేకుల కప్పు కింద, ఎండ తగిలిన గోడకు, సిమెంటు వాకిలి పక్కన పెడితే అది గాలి వేడిని కాక గోడ వేడిని చూపిస్తుంది. మట్టి నేల మీద నాలుగడుగులకు కొంచెం పైన, రోజంతా నీడ ఉండి గాలి ఆడే చోట, వీలైతే ఉత్తరం వైపు తగిలించండి. వాన నీటిని ప్రతిరోజూ ఉదయం 8.30 గంటలకే కొలవండి. వాతావరణ శాఖ కూడా ఉదయం 8.30 నుంచి మర్నాటి ఉదయం 8.30 వరకు ఒక రోజుగా లెక్కిస్తుంది కనుక, మీ అంకె వారి అంకెతో సరిపోల్చుకోవడానికి వీలవుతుంది.

2. మీ ఊరు ఏ లెక్కలోకి వస్తుందో తేల్చుకోండి

చాలామంది తప్పటడుగు ఇక్కడే పడుతుంది. వాతావరణ శాఖ ఉపవిభాగాల్లో ప్రకాశం, నెల్లూరు ప్రాంతమంతా కోస్తా ఆంధ్ర కిందికి వస్తుంది. అమరావతి వాతావరణ కేంద్రం రోజువారీ సూచనల్లో దీన్నే దక్షిణ కోస్తా అంటారు. కానీ కొత్తపట్నం తీరాన్నీ నల్లమల అంచునున్న దోర్నాలనూ ఒకే వాక్యంతో వర్ణించడం సాధ్యం కాదు. తీరంలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి వచ్చి పాదరసాన్ని ఆపుతుంది. ఎర్రగొండపాలెం, మార్కాపురం, కంభం, గిద్దలూరు, కనిగిరి, పామూరు, సీతారాంపురం, ఉదయగిరి, మర్రిపాడు వైపు ఆ గాలి చేరదు, చేరినా సాయంత్రానికి నీరసించి చేరుతుంది. పగటి వేడిలోనూ, గాలి పొడిదనంలోనూ ఈ ఊళ్లు కోస్తా కంటే రాయలసీమకే దగ్గర.

అందువల్ల ఇలా చేయండి.

తీరం నుంచి జాతీయ రహదారి పరిసరాల వరకు ఉన్నవారు (ఒంగోలు, సింగరాయకొండ, కావలి, నెల్లూరు) దక్షిణ కోస్తా సూచననే చదవండి. వేడి అంకెతో పాటు గాలిలో తేమను కూడా చూడండి.

నల్లమల, వెలికొండల వారన, మెట్టలో ఉన్నవారు దక్షిణ కోస్తాతో పాటు రాయలసీమ సూచనను కూడా చదవండి. రెండూ వేర్వేరుగా చెబితే, పగటి వేడి, ఉరుముల వానల విషయంలో రాయలసీమ సూచనకే ఎక్కువ విలువ ఇవ్వండి. తుపాను, అల్పపీడనం విషయంలో మాత్రం కోస్తా సూచనకే విలువ ఇవ్వండి.

ఆత్మకూరు, పొదిలి, దర్శి వంటి మధ్య ప్రాంతాలవారికి ఏ రోజు ఏది వర్తిస్తుందో గాలి దిశే చెబుతుంది. మధ్యాహ్నం పడమర, వాయవ్యం నుంచి పొడిగాలి కొడుతుంటే ఆ రోజుకు మీరు మెట్టవారే.

3. మీ ఊరి మామూలు లెక్క రాసుకోండి

ఉష్ణోగ్రతల విషయంలో వాతావరణ శాఖ 'సాధారణం' అనేది 1991 నుంచి 2020 వరకు 30 సంవత్సరాల సగటు. ఆ 30 వేసవులను చల్లనివి మొదలు వేడివి వరకు వరుసగా పేర్చి, పదేసి చొప్పున మూడు భాగాలు చేసినట్టు ఊహించుకోండి. కింది పది 'సాధారణం కంటే తక్కువ', నడిమి పది 'సాధారణం', పై పది 'సాధారణం కంటే ఎక్కువ'. ఏ సమాచారమూ లేకపోతే ఈ ఏడాది ఏ భాగంలోనైనా పడే అవకాశం సమానంగా 33 శాతం చొప్పున ఉంటుంది. ముందస్తు అంచనా చేసే పనల్లా ఆ మూడు 33లను అటూ ఇటూ జరపడమే.

మీ మండలంలోని స్వయంచాలక వాతావరణ కేంద్రం అంకెలను రాష్ట్ర ప్రణాళికా విభాగం నమోదు చేస్తుంది. మండల కార్యాలయంలోని గణాంక అధికారిని గానీ, దర్శిలోనూ నెల్లూరులోనూ ఉన్న కృషి విజ్ఞాన కేంద్రాలను గానీ అడిగి, మీకు దగ్గరి కేంద్రం వివరాలు తెలుసుకోండి. నోటు పుస్తకం మొదటి పేజీలో నాలుగు గడులు గీయండి: మార్చి, ఏప్రిల్, మే, జూన్. ఒక్కో గడిలో మామూలు గరిష్ఠం, మామూలు కనిష్ఠం, మామూలు వాన, గడచిన రెండు మూడేళ్లలో బోరు ఎప్పుడు తగ్గిందన్న సంగతి రాయండి. ఈ పేజీ లేకుండా తర్వాతి అడుగులకు వెళ్లవద్దు.

జూన్‌కు కూడా గడి ఎందుకంటే, నెల్లూరు జిల్లాకు వానలో పెద్ద వాటా ఈశాన్య రుతుపవనాలదే. నైరుతి రుతుపవనాలు వచ్చాయన్న వార్త విన్నాక కూడా ఇక్కడ పడమటి గాలులతో ఎండ కొనసాగుతుంది. మృగశిర కార్తె రాగానే చల్లబడుతుందని లెక్క వేసుకున్నవారు నీటికీ మేతకూ ఇబ్బంది పడతారు.

4. పటాలను ఒక్కొక్కటిగా చదవండి

అంచనాలో గరిష్ఠ ఉష్ణోగ్రత పటం, కనిష్ఠ ఉష్ణోగ్రత పటం వేర్వేరుగా ఉంటాయి. వీటికి తోడు వడగాలి రోజుల గురించి, వాన గురించి విడిగా చెబుతారు. పత్రికల శీర్షికలన్నీ మొదటి పటం నుంచే వస్తాయి. మీరు అన్నీ చూడాలి.

గరిష్ఠ ఉష్ణోగ్రత పటం: మీ ప్రాంతం మీద 'సాధారణం కంటే ఎక్కువ' రంగు ఉండి, పక్కన 55 నుంచి 65 శాతం అని ఉందనుకుందాం. ఇలాంటి అంచనా పదిసార్లు వస్తే దాదాపు ఆరుసార్లు వేసవి పై భాగంలో పడుతుందని, నాలుగుసార్లు పడకపోవచ్చని దాని అర్థం. ఎంత వేడి పెరుగుతుందో ఆ శాతం చెప్పదు. 75 శాతం అని రాసి ఉన్నంత మాత్రాన 75 వంతులు ఎక్కువ ఎండ అని కాదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం పని అయినట్టే.

కనిష్ఠ ఉష్ణోగ్రత పటం: దీన్ని ఎవరూ పట్టించుకోరు. నా అభిప్రాయంలో మనుషుల ఆరోగ్యానికీ పశువులకూ ఇదే ముఖ్యమైన పటం. పగలంతా కాగిన ఒళ్లు రాత్రి చల్లబడాలి. రాత్రులు చల్లబడకపోతే మూడో రోజుకో నాలుగో రోజుకో వృద్ధులు, పాలిచ్చే గేదెలు కుదేలవుతాయి. కొండవార గ్రామాల్లో మామూలుగా తెల్లవారుజామున కాస్త హాయిగా ఉంటుంది. ఈ పటం మీద ముదురు రంగు ఉన్న ఏడాది ఆ ఊరట తగ్గుతుందని ముందే అనుకోండి.

వాన పటం: తెల్లగా వదిలిన చోట మూడు భాగాలకూ సమాన అవకాశమే ఉందని అర్థం, వాన లేదని కాదు. చుక్కలు పెట్టిన చోట ఆ కాలంలో మామూలుగానే వాన బహుతక్కువ అని అర్థం. మన మెట్టలో ఈ పటాన్ని చాలా జాగ్రత్తగా వాడాలి. ఒక నెల మామూలు వాన 12 మిల్లీమీటర్లు అనుకుంటే, దానికి ఒకటిన్నర రెట్లు పడినా 18 మిల్లీమీటర్లే. అది ఒక్క సాయంత్రం ఉరుముల జల్లుతో తీరిపోతుంది. దానితో బోరు ఊరదు, చెరువు నిండదు. కళ్లంలో ఆరబోసిన మిర్చి మాత్రం తడుస్తుంది. వేసవిలో 'వాన ఎక్కువ' అంటే మెట్ట రైతుకు నీటి కబురు కాదు, కోతల కాలపు హెచ్చరిక.

వడగాలి రోజుల లెక్క: మామూలు కంటే ఎక్కువ రోజులు ఉండవచ్చని చెబితే, అది నీడ, నీరు, పని వేళల ఏర్పాట్లకు నేరుగా పనికొస్తుంది.

5. పసిఫిక్ సముద్రం మాటకు ఎంత విలువ ఇవ్వాలి

అంచనాలో ఎల్‌నినో (పసిఫిక్ నడిమి, తూర్పు భాగాల నీరు మామూలు కంటే వేడెక్కడం), లానినా (అదే నీరు మామూలు కంటే చల్లబడడం) ప్రస్తావన తప్పక ఉంటుంది. ఎల్‌నినో చలికాలం తర్వాతి వేసవి మన దేశంలో వేడిగా ఉండే మొగ్గు కనిపిస్తుంది. అయితే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇచ్చే ఎల్‌నినో సూచనలు ఏడాదిలో మిగతా కాలాల కంటే బలహీనమైనవి. జూన్ దాటాకే వాటి నమ్మకం పెరుగుతుంది. ఇంకో సంగతి. ఎల్‌నినో నైరుతి వానలను తగ్గించే వైపు మొగ్గితే, ఈశాన్య రుతుపవనాల వానలకు ఎక్కువసార్లు అనుకూలంగా ఉంటుంది. అందుచేత ఎల్‌నినో పేరు వినగానే నెల్లూరు వైపు రైతు ఏడాదంతా కరువని తీర్మానించుకోవడం సరికాదు. నైరుతి వాన మీదే కంది వేసే పశ్చిమ ప్రకాశం రైతు మాత్రం దాన్ని పట్టించుకోవాలి.

6. మూడు నెలల నుంచి మూడు గంటల వరకు దిగండి

అంచనా వయసును బట్టి నిర్ణయం పరిమాణం ఉండాలి. ఈ వరుసను తప్పించకండి.

మార్చి మొదటి వారం: మూడు నెలల అంచనా చదివి పెద్ద ఏర్పాట్లు తేల్చండి. కొత్త మొక్కలు నాటాలా వద్దా, పశుగ్రాసం ఎంత నిల్వ చేయాలి, జీవాలను మేతకు ఎప్పుడు తరలించాలి, బోరు కింద ఎంత భూమికి తడి ఇవ్వగలం అన్నవి ఈ కోవలోనివి.

మార్చి, ఏప్రిల్ నెలాఖరులు: తర్వాతి కాలానికి కొత్త అంచనా వస్తుంది. పాతదాన్ని కొట్టేసి కొత్తది రాసుకోండి. ఉగాది నాటి నమ్మకాన్ని మే నెల దాకా మోయడం వల్ల నష్టమే జరుగుతుంది.

ప్రతి గురువారం: రాబోయే వారాలకు విస్తృత కాల సూచన వస్తుంది. మొదటి రెండు వారాలను నమ్మకంగా, తర్వాతి రెండు వారాలను సూచనప్రాయంగా తీసుకోండి. కోత కూలీలను మాట్లాడుకోవడం, పొగాకు బ్యారన్ల (ఆకును కాల్చి ఆరబెట్టే గదుల) చుట్టూ ఉన్న చెత్త, ఎండు ఆకు తొలగించడం దీన్ని బట్టి చేయండి.

ప్రతి మంగళవారం, శుక్రవారం: వ్యవసాయ వాతావరణ సలహా వస్తుంది. ఐదు రోజుల అంకెలు ఉంటాయి. నీటి తడులు, మందుల పిచికారీ దీని మీద పెట్టండి. గాలి ఎక్కువని చెప్పిన రోజు పిచికారీ చేయవద్దు.

రోజూ సాయంత్రం: రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మర్నాడు వడగాలి వీచే మండలాల జాబితా ఇస్తుంది. అందులో జిల్లా పేరు చూసి ఆగిపోకండి, మీ మండలం పేరు వెతకండి.

మధ్యాహ్నం తర్వాత: మూడు గంటల తక్షణ హెచ్చరికలు, దామిని యాప్ చూడండి.

7. వడగాలి హెచ్చరికను సరిగా అర్థం చేసుకోండి

మైదాన ప్రాంతంలో గరిష్ఠం కనీసం 40 డిగ్రీలు, తీరంలో కనీసం 37 డిగ్రీలు ఉండి, మామూలు కంటే 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి పెరిగితే వడగాలి అంటారు. మైదానంలో పెరుగుదల 6.4 డిగ్రీలు దాటితే తీవ్ర వడగాలి. మామూలుతో పని లేకుండా 45 డిగ్రీలు తాకితే వడగాలి, 47 తాకితే తీవ్ర వడగాలి. ఉపవిభాగంలో కనీసం రెండు కేంద్రాల్లో వరుసగా రెండు రోజులు ఇలా ఉంటే రెండో రోజున ప్రకటిస్తారు.

దీన్నుంచి రెండు సంగతులు గ్రహించాలి. మొదటిది, ప్రకటన వచ్చేసరికే ఒక రోజు గడిచి ఉంటుంది. కాబట్టి ప్రకటన కోసం కాక ముందురోజు సూచన కోసం చూడండి. రెండోది, మార్కాపురం, కనిగిరి వంటి చోట్ల మే నెల మామూలు ఉష్ణోగ్రతే ఎక్కువ. 42 డిగ్రీలు ఉన్నా మామూలుతో తేడా తక్కువైతే వడగాలి ప్రకటన రాకపోవచ్చు. ప్రకటన లేదని పొలంలో మధ్యాహ్నం పని పెట్టకండి. 2015 మే నెలలో మన రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు.

హెచ్చరిక ఉన్న రోజు చేయవలసినవి:

☐ ఉపాధి పనులు, కోతలు ఉదయం 10 గంటలలోపు ముగించాలి
☐ పని జరిగే చోట నీడ, మంచినీళ్లు, మజ్జిగ లేదా ఓఆర్ఎస్ ఉండాలి
☐ జీవాలను తెల్లవారుజామున, సాయంత్రం 4 తర్వాత మాత్రమే మేపాలి
☐ చెమట ఆగి, ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు

8. ఉరుముల వానలకు, పిడుగులకు విడి ఏర్పాటు

ఏప్రిల్, మే నెలల్లో మహారాష్ట్ర వైపు నుంచి తెలంగాణ, రాయలసీమ, కర్ణాటక మీదుగా తమిళనాడు దాకా ద్రోణి, అంటే గాలి పీడనం తక్కువగా ఉండే పొడవాటి పట్టీ, ఏర్పడుతుంటుంది. దానికి ఒక పక్క పడమటి పొడిగాలి, ఇంకో పక్క బంగాళాఖాతపు తేమగాలి ఉంటాయి. రెండూ కలిసే గీత నల్లమల, వెలికొండల దగ్గరికి వచ్చిన రోజు మధ్యాహ్నం మబ్బు కొండల మీద నిలువుగా లేస్తుంది. సాయంత్రానికి ఈదురుగాలి, పిడుగులు, ఒక్కోసారి వడగళ్లు పడతాయి. ఇది మూడు నెలల అంచనాలో కనిపించదు. రోజువారీ సూచనలో 'ద్రోణి' అన్న మాట, మీ దగ్గర ఉదయం నుంచి ఉక్కపోత, పడమట మూడు గంటలకల్లా గోభిపువ్వులా ఉబ్బే మబ్బు, ఈ మూడూ కలిస్తే సిద్ధం కావాలి.

మిర్చి కళ్లాల వారు ఈ పని మబ్బు పట్టక ముందే చేయాలి. కళ్లం ఒక పక్కకు వాలుగా ఉండాలి, చుట్టూ జానెడు లోతు కాలువ తీయాలి. టార్పాలిన్ పట్టలను మడతపెట్టి ఇంట్లో కాక కళ్లం గట్టు మీదే ఉంచాలి. కాయలను ముందు కుప్పగా చేసి తర్వాత కప్పాలి. పరచిన కాయల మీద పట్ట కప్పితే అడుగు నుంచి నీరు చేరి రంగు పోతుంది. వాన వెలిసిన వెంటనే పట్ట తీయకపోతే లోపలి ఆవిరికి కాయ బూజు పడుతుంది.

మామిడి, బత్తాయి, నిమ్మ తోటల వారు బరువెక్కిన కొమ్మలకు ముందే పోటు కర్రలు పెట్టుకోవాలి. గాలి సూచన ఉన్న రోజు భారీ తడి ఇవ్వకండి, నానిన నేలలో చెట్టు వేళ్లతో సహా ఒరుగుతుంది.

పిడుగు విషయంలో లెక్క ఇది: మెరుపు కనిపించాక 30 లెక్కించేలోపు ఉరుము వినిపిస్తే వెంటనే పక్కా కప్పు కిందికి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి బయటికి రావాలి. జీవాలతో పాటు ఒంటరి చెట్టు కింద నిలబడడం మనిషికీ మందకూ ప్రమాదమే. అత్యవసరమైతే 112 లేదా 1070కి ఫోన్ చేయవచ్చు.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

వేసవి వాన అంచనా చూసి ఎడగారు వరికి (ప్రధాన పంట కోశాక వేసే రెండో వరికి) దిగడం. ఆ పంటకు నీరు సోమశిల వంటి జలాశయాల నిల్వ నుంచి వస్తుంది. ఆ నిల్వ పెన్నా వరదలతోనూ, గడచిన ఈశాన్య వానలతోనూ చేరినది. మార్చి నాటి నిల్వ, సాగునీటి అధికారుల నీటి విడుదల ప్రకటన చూసి నిర్ణయించుకోండి.

ఫోనులో ఏదో ఒక యాప్ 20వ రోజుకు చూపే ఉష్ణోగ్రతను నమ్మడం. పది రోజులు దాటాక రోజువారీ అంకెకు విలువ లేదు. వారం మొత్తం మొగ్గు మాత్రమే చూడండి.

ఒంగోలు ఉష్ణోగ్రతను కనిగిరికి అన్వయించడం. మీ థర్మామీటరుతో పదిహేను రోజులు పోల్చి తేడాను పుస్తకంలో రాయండి. ఆ తర్వాత పేపర్లో వచ్చే అంకెకు ఆ తేడా కలుపుకుంటే సరిపోతుంది. తీరంలో సముద్రపు గాలి త్వరగా వచ్చిన రోజుల్లో తేడా ఎక్కువగా, పడమటి గాలి రోజంతా వీచిన రోజుల్లో తక్కువగా ఉంటుంది కాబట్టి రెండు రకాల రోజులకూ విడివిడిగా రాయండి.

వేడి వేసవి అన్నారు కదా అని తుపానును మరచిపోవడం. 1979 మే నెల తుపాను ఒంగోలుకు దక్షిణాన తీరం దాటి పెను నష్టం చేసింది. 2010 మే నెలలో లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి ప్రకాశం జిల్లాను ముంచెత్తింది. ఎండాకాలపు సగటులో ఇవి కనిపించవు. మే మొదటి వారం నుంచి బంగాళాఖాతం సమాచారాన్ని రోజూ చూడండి. కోసిన పంట, పొగాకు చెక్కులు (బేళ్లు) నేల మీద కాక ఎత్తు బల్లల మీద ఉంచండి.

ఒక ఏడాది అంచనా తప్పిందని తర్వాతి ఏడాది చదవడం మానేయడం. 60 శాతం అన్న అంచనా పదిలో నాలుగుసార్లు తప్పడమే దాని లెక్క. జూన్ ఆఖరున మీ నాలుగు గడుల పక్కన ఈ ఏడాది అసలు అంకెలు రాసి, అంచనా ఏ వైపు మొగ్గిందో, నిజంగా ఏది జరిగిందో గుర్తు పెట్టండి. ఐదారు వేసవులు ఇలా రాస్తే, ఏ అంచనా మీ ఊరికి బాగా సరిపోతుందో, ఏది సరిపోదో మీ పుస్తకంలోనే తేలుతుంది.

10. నెలవారీ పట్టిక

మార్చి:
☐ శనగ, మిర్చి కోతల నాటికి పట్టలు సిద్ధం
☐ అడవి అంచు పొలాల్లో ఎండుగడ్డి కాల్చకూడదు, నల్లమలలో నిప్పు పుట్టే కాలం ఇదే
☐ బోరు మట్టం కొలిచి రాయాలి

ఏప్రిల్:
☐ మొక్కల పాదుల్లో ఆకు, వరిగడ్డి కప్పడం
☐ పశువుల పాకపై తాటాకు లేదా కొబ్బరాకు పరచడం
☐ మధ్య నెలలో వచ్చే నైరుతి తొలి అంచనా నమోదు

మే:
☐ కృత్తిక, రోహిణి కార్తెల్లో నీటి తొట్లు రోజుకు రెండుసార్లు నింపడం
☐ బంగాళాఖాతం సమాచారం రోజూ
☐ తొలకరి విత్తనం కొని పెట్టుకోవడమే తప్ప, ఒక్క ఉరుము వానకు విత్తకూడదు. నేల జానెడు లోతు తడిసి, వారం రోజుల సూచనలో మళ్లీ వాన ఉంటేనే నాగలి కట్టాలి